అమ్మమ్మ గుప్పెడు

కోళ్ళ షెడ్డు నుంచి

గిన్నెకోడికి,

తాతయ్య రాస్తున్నాడు. పుట్టిన దగ్గర నుంచీ ఆపకుండా అరిచావు కాబట్టి నీకు ఆ పేరు పెట్టాను. డాక్టరువైనా మార్చను.

మీ అమ్మమ్మ పడింది. షెడ్డులో నీళ్ళ తొట్టి దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ పెట్టారు. ఇంతవరకు మీ అమ్మ నీకు ఫోనులో చెప్పే ఉంటుంది. అది చెప్పనిది నేను రాస్తున్నాను. జ్వరం తగ్గడం లేదు. మీ అమ్మ నీకు ఫోను చేసినప్పుడల్లా "బాగుందే, లేచి కూర్చుంటోంది, నువ్వు చదువుకో" అంటుంది. నేను పక్కనే నిలబడి చూస్తుంటాను. అబద్ధం చెప్పేటప్పుడు అది జడ కొస వేలికి చుట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

నాకు ఫోను పనికిరాదు. అందులో నీ గొంతు కాగితం నలిపినట్టు వినిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం. నువ్వు బడిలో చేరినప్పుడు నీ పలక మీద నీతోపాటు దిద్దిన అక్షరాలే ఇవి. వంకరగా ఉంటే తప్పు పంతులమ్మది, నాది కాదు.

వార్డులో మంచం కిటికీ పక్కన ఉంది. మూత్రానికి ఒక గొట్టం, చేతికి ఒక గొట్టం. నన్ను చూడగానే "దాణా ఎవరు కలుపుతున్నారు" అని అడుగుతుంది. నువ్వు తిన్నావా అని మాత్రం అడగదు. నేనే కలుపుతున్నానంటే మొహం అటు తిప్పుకుంది. నా కలపడం కోళ్ళకీ నచ్చలేదు. ముక్కుతో చిమ్మేస్తున్నాయి.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నీకంటే కాస్త పెద్దదేమో. "ఇన్‌ఫెక్షన్ ఉంది పెద్దాయనా" అంటుంది. ఎక్కడిది, ఎలా వచ్చింది, ఎప్పుడు పోతుంది అని అడిగితే "చూద్దాం" అంటుంది. చూద్దాం అని కూర్చున్నవాడి కోళ్ళు ఏమవుతాయో నాకు తెలుసు.

సూక్ష్మజీవుల పేపరు నువ్వు పోయినసారి తప్పావు. చెప్పొద్దన్నావని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మళ్ళీ అదే పేపరు రాయబోతున్నావు కదా, అందులో ఉన్నదేదో నాకు చెప్పు. నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా చెప్పగలిగితే నీ పరీక్ష పాసైనట్టే.

రావద్దు. పరీక్ష అయ్యేలోపు నువ్వు వార్డు గుమ్మంలో కనిపిస్తే మందు మింగనని అమ్మమ్మ ఒట్టు పెట్టుకుంది. అన్నంత పనీ చేసే రకం.

తాతయ్య


హాస్టల్, మూడో అంతస్తు

తాతయ్యా,

నీ ఉత్తరం మెస్సులో కూర్చుని చదివాను. ఎదురుగా ఉన్న అమ్మాయి నా మొహం చూసి "ఎవరైనా పోయారా" అంది. ఎవరూ పోలేదు, మా తాతయ్య ఉత్తరం రాశాడు అన్నాను. ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

సరే, చెప్తాను. నిజానికి చదివింది నాకు నేనే గట్టిగా చెప్పుకుంటున్నాను అనుకో.

అమ్మమ్మని బాధపెడుతున్నది బయటి నుంచి వచ్చిన పురుగు కాకపోవచ్చు. మన పేగుల్లో కోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. వాటి చోట అవి ఉన్నంతవరకూ గొడవ లేదు. మూత్రం గొట్టం పెట్టగానే కొన్ని ఆ గొట్టం పట్టుకుని పైకి పాకుతాయి. మనిషి నీరసంగా ఉంటే అక్కడి నుంచి రక్తంలోకి దిగుతాయి. అప్పుడే అసలు ప్రమాదం.

మందు వేస్తే చావాలి కదా అంటావు. చావకుండా తప్పించుకోవడానికి వాటికి నాలుగు దారులున్నాయి. పోయినసారి రెండే రాసి తప్పాను. కొన్ని మందుని ముక్కలు చేసే కత్తెర తయారు చేసుకుంటాయి. కొన్ని లోపలికొచ్చిన మందుని తోడి బయట పోస్తాయి. కొన్ని మందు వచ్చే తలుపులు మూసేస్తాయి. కొన్ని మందు పట్టుకునే పిడినే మార్చేసుకుంటాయి, పట్టు దొరక్క మందు జారిపోతుంది.

అంతకంటే ఘోరం ఇంకోటుంది. ఒక బ్యాక్టీరియా నేర్చిన విద్యని పక్కదానికి ఇచ్చేస్తుంది. చిన్న ఉంగరంలాంటి ముక్క మీద ఆ విద్య రాసి ఉంటుంది. ఉంగరం చేతులు మారినట్టు అది మారుతుంది. ఇచ్చేది ఒక జాతి, పుచ్చుకునేది ఇంకో జాతి అయినా సరే.

నువ్వు డాక్టరమ్మని "కల్చర్ పంపారా" అని అడుగు. అమ్మమ్మ మూత్రంలోని పురుగుని పళ్ళెంలో పెంచి, దాని మీద మందు బిళ్ళలు పెడతారు. బిళ్ళ చుట్టూ పురుగు చచ్చి ఖాళీ గుండ్రం పడితే ఆ మందు పనిచేస్తుంది. పురుగు బిళ్ళ దాకా పెరిగితే పనిచేయదు.

అమ్మమ్మని ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కో. నీళ్ళతో కాదు, సబ్బుతో.

నాకు ఇక్కడ పేజీ తిరగడం లేదు తాతయ్యా. క్లెబ్సియెల్లా అనే పురుగు గురించి చదువుతుంటే అమ్మమ్మ మంచమే కనిపిస్తోంది.

నీ గిన్నెకోడి


కోళ్ళ షెడ్డు నుంచి

గిన్నెకోడికి,

నీ నాలుగు దొంగ విద్యలూ అర్థమయ్యాయి. పేజీ ఎందుకు తిరగదు, వేలితో తిప్పు.

కల్చర్ పంపారా అని అడిగాను. ఆ పిల్ల ఆగి నా వైపు చూసింది. "ఆ మాట మీకెవరు చెప్పారు" అంది. మా మనవరాలు, నీలాంటి డాక్టరే అన్నాను. నువ్వింకా కాలేదని చెప్పలేదు. అప్పటి నుంచి నాతో నిలబడి మాట్లాడుతోంది.

నువ్వు చెప్పిన ఆ పేరే వచ్చింది. క్లెబ్సియెల్లా. పళ్ళెంలో చాలా బిళ్ళల చుట్టూ గుండ్రం పడలేదట. ఎక్కిస్తున్న మందు తీసేసి ఇంకోటి పెట్టారు. జ్వరం ఒక పూట తగ్గి మళ్ళీ వచ్చింది. అమ్మమ్మ వణికితే మంచం గజగజలాడుతోంది. దుప్పటి మీద దుప్పటి కప్పి పైన నా చొక్కా కూడా వేశాను. "నీ చొక్కా కోళ్ళ కంపు కొడుతోంది" అంది. కొట్టక మరి. దాని చీరలు మల్లెపూల వాసన వచ్చేవా ఏమిటి.

నువ్వు రాసింది నాకు షెడ్డులో కనిపించింది. తెగులు వచ్చినప్పుడు మెతక కోళ్ళు పోతాయి, మొండివి మిగుల్తాయి. మిగిలినవి పొదిగితే పిల్లలూ మొండివే. మీ పురుగులదీ అదే సంగతి అన్నమాట. మందు వేసి మెతక పురుగుల్ని మనమే ఏరి పారేస్తే, షెడ్డంతా మొండివాటికి ఖాళీ చేసి ఇచ్చినట్టు. అవునా కాదా రాయి.

మా కోళ్ళకి మాత్రం తెగులు రాదు. చుట్టుపక్కల షెడ్లలో బుట్టలకి బుట్టలు ఎత్తిపోస్తుంటే మా దగ్గర ఒక్కటి తుమ్మదు. దాణా కొట్టువాడు ఇచ్చే పొడి ఒకటుంది. జబ్బు ఉన్నా లేకపోయినా రోజూ దాణాలో పడాల్సిందే. కోడి బరువు తూగుతుంది, గుడ్డు ఆగదు. వాడు చెంచా లెక్క చెప్పాడు. మీ అమ్మమ్మ చెంచా ముట్టుకోలేదు. "నా గుప్పెడు నాకు తెలుసు" అంది. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి దాణాలో పోసి, మోచేతుల దాకా కలిపేది. నువ్వు ఇంటికొచ్చినప్పుడు ఆ చెయ్యి కొంగుకి తుడిచి నీ నోట్లో ముద్ద పెట్టేది. నువ్వేమైనా చచ్చావా.

సబ్బు సంగతి. ఈ చేతులు సబ్బు మొహం చూడకుండానే నిన్నూ మీ అమ్మనీ పెంచాయి. వార్డు బయట ఏదో సీసా పెట్టారు, నొక్కితే చల్లగా కారుతుంది. మీ అమ్మ నన్ను పట్టుకుని చేతులకి రాయించింది. సారా వాసన. దారిలో అందరూ నేను తాగొచ్చానని అనుకున్నారు.

తాతయ్య


హాస్టల్

తాతయ్యా,

మొండివాటికి షెడ్డు ఖాళీ చేసి ఇవ్వడం అన్నావే, అవును, అదే.

ఒక్కటి అడుగుతాను, విసుక్కోకు. ఆ పొడి సంచి మీద ఏమని రాసి ఉంది? నీకు ఆ పరాయి అక్షరాలు చదవడం రాకపోతే బొమ్మలు గీసినట్టు గీసి పంపు. ఉన్నది ఉన్నట్టు. ఎందుకో తర్వాత చెప్తాను.

అమ్మకి ఫోనులో చెప్పాను, అమ్మకి సంచి సంగతి తెలియదంది. డాక్టరమ్మకి చెప్పమన్నాను, మా ఇంట్లో కోళ్ళకి ఏదో పొడి వాడతారని. అమ్మ చెప్పిందో లేదో. నువ్వు కూడా చెప్పు.

అమ్మమ్మ నోటికి ఆ పొడి ఏదీ పెట్టకు. కోళ్ళకి పనిచేసింది కదా అని ఆవిడకి ఒక చిటికె వేసేవాడివి నువ్వు. నాకు తెలుసు.

నీ గిన్నెకోడి


ఆసుపత్రి వరండా బెంచీ

గిన్నెకోడికి,

నేను మీ అమ్మమ్మకి కోళ్ళ మందు పెడతానా. ఏమనుకుంటున్నావు నన్ను. పెట్టాలని ఒకసారి అనిపించిన మాట నిజమే. పెట్టలేదు.

సంచి మీద అక్షరాలు గీయను. నా కోళ్ళ సంగతి నీకెందుకు. మీ అమ్మ వెళ్ళి ఆ డాక్టరు పిల్ల చెవిలో ఊదింది. ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచి "మీ కోళ్ళకి ఏమైనా యాంటీబయాటిక్ వాడతారా" అని అడిగింది. పక్కన నర్సులు, ఇంకో మంచం తాలూకు మనుషులు, అందరూ వింటున్నారు. నా షెడ్డు మురికిదని, మా వల్లే జబ్బని ఆ చూపులోనే ఉంది. గింజలు, నీళ్ళు, ఇంకేమీ లేవు అన్నాను. "పొడి ఏదో వేస్తారని మీ అమ్మాయి చెప్పింది" అంది. మా అమ్మాయికి కోడికీ కొంగకీ తేడా తెలీదు అన్నాను. మీ అమ్మ నన్ను తినేసేలా చూసింది. చూడనీ. నా గుడ్లు తిని నా షెడ్డుకి వంక పెడితే ఊరుకుంటానా.

అమ్మమ్మ సంగతి రాస్తాను. పురుగు రక్తంలోకి దిగింది. నువ్వు చెప్పినట్టే. మనిషి గుర్తుపట్టడం కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు. పొద్దున నన్ను దాణా కొట్టువాడు అనుకుని "సంచి చినిగింది, వేరేది ఇవ్వు" అని దబాయించింది. ఇస్తానమ్మా అన్నాను. ఇంకేమనను. కాసేపటికి తెలివొచ్చి "నువ్వా" అంది. నేనే అన్నాను. "గుడ్లు పగలకొట్టకుండా ఏరుతున్నావా" అంది.

వార్డు మార్చారు. ఇక్కడ గాజు తలుపు. లోపలికి ఒక్కరినే పంపుతారు.

మంచి మాట ఆఖరికి ఉంచాను. రెండో మందూ పనిచేయలేదు, మూడోదీ చేయలేదు. అప్పుడు డాక్టరు పిల్ల మీ అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. ఒక మందు ఉందట. పాతకాలం నాటిది. కిడ్నీలకి మంచిది కాదని ఎప్పుడో పక్కన పెట్టేశారట. ఇప్పుడు ఏదీ పనిచేయనప్పుడు దాన్ని బయటికి తీస్తారట. ఆఖరి మందు అంది. ఈ పురుగుల మీద ఇంకా పనిచేసేది అదొక్కటే అంది. దాచి ఉంచారు చూడు, ఇలాంటి మనిషి కోసం. మీ డాక్టర్లలో కూడా ముందుచూపు ఉన్నవాళ్ళున్నారు.

రేపటి నుంచి ఎక్కిస్తారు. మీ అమ్మ ఏడుస్తోంది, నేను ఏడవడం లేదు. ఆ మందు పేరు అడగలేదు. పేరుతో పనేముంది.

తాతయ్య


హాస్టల్

తాతయ్యా,

ఈ ఉత్తరం అందిన వెంటనే నేను చెప్పినట్టు చెయ్యి. చదువుతూ ఆగిపోకు.

అమ్మమ్మకి ఎక్కిస్తున్న ఆ ఆఖరి మందు సీసా అడిగి తీసుకో. ఖాళీది ఇస్తారు. దాని మీద పేరు చూడు. ఇంటికి తీసుకెళ్ళి పొడి సంచి పక్కన పెట్టి చూడు. రెండూ ఒకటి కాకపోతే నన్ను కడుపారా తిట్టు, నేను సంతోషంగా తిట్లు తింటాను. రెండూ ఒకటే అయితే సంచి మీది ముక్క కత్తిరించి డాక్టరమ్మ చేతిలో పెట్టు. గింజలూ నీళ్ళూ అని అబద్ధం చెప్పానని చెప్పు. నర్సులు వింటే విననీ.

నీ గుప్పెడు ఉత్తరం చదివినప్పుడే నాకు భయం వేసింది. కొలిస్టిన్ అని ఒక మందు ఉంది. దాన్ని కోళ్ళ దాణాలో కలుపుతారని మా పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను, పరీక్షలో రావచ్చని. గీత గీసినప్పుడు మన షెడ్డు గుర్తు రాలేదు. ఇలాంటి పుస్తకాల్లో మన ఇల్లు ఉండదని అనుకున్నాను.

ఇంకో సంగతి. ఈ మందుకి పళ్ళెంలో బిళ్ళ పరీక్ష పనికిరాదు. చిన్న చిన్న గుంటల్లో పురుగునీ మందునీ కలిపి చూడాలి. గుంటలో నీళ్ళు తేటగా ఉంటే పురుగు చచ్చినట్టు. మసకగా ఉంటే బతికినట్టు. కొన్నిచోట్ల ఆ పరీక్ష చేయకుండానే మందు మొదలుపెడతారు, ఎలాగూ పనిచేస్తుందన్న నమ్మకంతో. మీ దగ్గర చేశారో లేదో అడుగు. చేయకపోతే చేయమని కాళ్ళు పట్టుకో.

నేను అమ్మకి ఫోను చేస్తే అమ్మ ఏడుస్తోంది, ఏమీ చెప్పడం లేదు. "మీ తాతయ్య ఎవరి మాటా వినడే" అంటోంది. నా మాట విను.

గిన్నెకోడి


కోళ్ళ షెడ్డు నుంచి

గిన్నెకోడికి,

ఒకటే.

నర్సమ్మ సీసా ఇచ్చింది. బొటనవేలంత సీసా. "దేనికి తాతా" అంటే నవ్వుతూ మనవరాలు ఆడుకుంటుంది అన్నాను. బస్సులో గుప్పెట్లోనే పట్టుకుని వచ్చాను. సంచుల గదిలో కూర్చుని చూశాను. మొదట చంద్రవంక. తర్వాత సున్నా. తర్వాత నిలువు కర్ర. తర్వాత నెత్తిన చుక్క ఉన్న పొట్టి కర్ర. తర్వాత పాము. తర్వాత అడ్డుకర్ర వేసిన గుంజ. మళ్ళీ చుక్క ఉన్న పొట్టి కర్ర. చివర ఒక గుమ్మం. సంచి మీదా అంతే. ఒక్క దగ్గరైనా తేడా ఉంటుందేమోనని వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. సీసా మీద పేరు చీమంత ఉంది. సంచి మీద అదే పేరు నా అరచెయ్యంత ఉంది.

నేను ముందుచూపు అని రాశాను చూడు, వాళ్ళు ఇలాంటి మనిషి కోసం దాచి ఉంచారని. వాళ్ళు సీసాల్లో దాచుకున్నదాన్ని మేము కోళ్ళ ముందు పారబోశాం. రోజూ. జబ్బు లేకపోయినా.

సంచి కత్తిరించి తీసుకెళ్ళాను. గాజు తలుపు ముందు అందరూ ఉండగానే చెప్పాను. నేను అబద్ధమాడాను, ఇది వేస్తున్నాం, మా ఆవిడ చేత్తోనే కలుపుతుంది అని. తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల తిట్టలేదు. ఆ ముక్క పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

గుంటల పరీక్షకి అప్పుడే పంపించింది. ఫలితం వచ్చాక నన్నే పిలిచి చూపించింది. చేతిలో పట్టేంత ప్లాస్టిక్ పలక, దాని నిండా గుంటలు. ఇటు వైపు మందు కొంచెం, అటు పోను పోను ఎక్కువ అంది. నేను అటు చివర చూశాను. తేటగా ఉంటుందని ఆశపడ్డాను. కడిగిన బియ్యం నీళ్ళలా ఉంది. చివరి గుంట కూడా.

ఇప్పుడు ఒకటి పనిచేయకపోయినా రెండు మూడు కలిపితే ఏమైనా అవుతుందేమోనని కలిపి ఎక్కిస్తున్నారు. ఆవిడ కాళ్ళు ఉబ్బాయి. మూత్రం తగ్గింది.

నన్నూ మీ అమ్మనీ కూడా పరీక్ష చేశారు. నమూనా ఎక్కడి నుంచి తీశారో రాయను, నువ్వు చదివే ఉంటావు. తీసిన కుర్రాడికి నా వయసు మీద గౌరవం లేదు. మీ అమ్మకి ఏమీ లేదు. నా కడుపులో ఉంది, అదే పురుగు. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, ఊరికే కూర్చుని ఉందట నాలో. ఇక మీదట మీ అమ్మమ్మని ముట్టుకోవాలంటే చేతులకి తొడుగులు వేసుకోవాలి, ఒంటికి అంగీ వేసుకోవాలి. ఇంతకాలం నేనే నోట్లో నీళ్ళు పోశాను, నేనే మొహం తుడిచాను.

ఆవిడకి తెలివి ఉన్నప్పుడు చెప్పాను. ఇలాగ, మన పొడి వల్ల అయి ఉండొచ్చు అన్నాను. "కలిపింది నా చెయ్యి కదా, నీ మొహం అలా పెట్టుకున్నావేం" అంది. తర్వాత "మరి కోళ్ళు చావలేదుగా" అంది. చావలేదు.

రెండు సంచులు మిగిలాయి. గొయ్యి తీసి పాతిపెట్టాలా, కాలవలో పోయాలా. రాయి.

ఆవిడ బతుకుతుందా లేదా అది కూడా రాయి. మీ అమ్మలాగా జడ చుట్టుకోకుండా రాయి.

తాతయ్య


హాస్టల్

తాతయ్యా,

పాతిపెట్టకు. కాలవలో పోయకు. మట్టిలోనూ నీళ్ళలోనూ కూడా బ్యాక్టీరియా ఉంటాయి, వాటికీ ఆ విద్య నేర్పినట్టే అవుతుంది. కోళ్ళ ఎరువు కూడా ఇప్పుడే పొలాలకి ఇవ్వకు. సంచుల మూతి గట్టిగా కట్టి పశువుల డాక్టరుకి అప్పజెప్పు. తీసుకోనంటే తీసుకునేదాకా ఆయన గుమ్మంలో కూర్చో. నీకు అది బాగా వచ్చు.

నిజం రాయమన్నావు. బతకడం కష్టం తాతయ్యా. కిడ్నీలు తగ్గాయంటే ఇంకా కష్టం. బతకరు అని రాయలేను, ఎందుకంటే అప్పుడప్పుడు బతుకుతారు. ఆ అప్పుడప్పుడు కోసమే మూడు మందులు కలుపుతారు. అంతకుమించి నాకు తెలియదు. మా మేడమ్‌ని అడిగాను, ఆమెకీ తెలియదు.

ఇంకో నిజం. అది మన షెడ్డు నుంచే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. ఆసుపత్రిలో పక్క మంచం నుంచీ రావచ్చు. నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. రాలేదని కూడా ఎవరూ చెప్పలేరు. రెండూ తెలియకుండానే బతకాలి మనం.

ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆ కోళ్ళు చావకుండా గుడ్లు పెట్టబట్టే నేను ఈ గదిలో ఉన్నాను. నా పుస్తకాలూ, ఈ కుర్చీ, నేను గీత గీసిన ఆ వాక్యం, అన్నీ అమ్మమ్మ గుప్పెట్లోంచి వచ్చినవే. నేను తప్పించుకుని నిలబడి నిన్ను తప్పు పట్టలేను. నాలోనూ అది ఉండొచ్చు. పరీక్ష చేయించుకుంటాను.

పేపరు రాయడం మానేసి వచ్చేస్తాను. బస్సు చూసుకున్నాను కూడా. ఒట్టు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు రమ్మని ఒక్క మాట రాయి.

నీ గిన్నెకోడి


కోళ్ళ షెడ్డు నుంచి

గిన్నెకోడికి,

మీ అమ్మ ఫోను చేసి చెప్పింది కదా. నీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. ముందే వచ్చినా రమ్మని రాసేవాణ్ణి కాదు. నువ్వు ఆ పేపరు రాశావని మీ అమ్మ చెప్పింది. ఆ మందు గురించి ప్రశ్న వచ్చిందనీ, నువ్వు అడిగినదానికంటే ఎక్కువ రాశావనీ చెప్పింది. మంచిది. మిగిలిన పేపర్లు కూడా రాసి రా. అమ్మమ్మ ఒట్టు ఇంకా ఉంది. మనిషి పోతే ఒట్టు పోతుందని నాకెవరూ చెప్పలేదు.

మీ అమ్మకి తెలియనిది ఒకటుంది. అప్పుడు అది బయట డాక్టరుతో మాట్లాడుతోంది. లోపల నేనొక్కణ్ణే.

నాకు అంగీ తొడిగారు, మూతికి గుడ్డ కట్టారు, చేతులకి తొడుగులు వేశారు. అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ తొడుగు గుడ్డు లోపలి పొరలా ఉంటుంది, పలచగా, కానీ ఏమీ తగలదు. ఆవిడ చెయ్యి వేడిగా ఉందో చల్లగా ఉందో నాకు తెలియలేదు. ఆవిడ కళ్ళు తెరవలేదు. వేళ్ళు మాత్రం నా వేళ్ళని తడిమాయి. గింజ మంచిదో పుచ్చుదో చూసేటప్పుడు అలాగే తడిమేది. "ఈ చెయ్యి ఎవరిది" అంది.

నేనే అన్నాను. ఆవిడకి వినపడలేదు. మూతికి గుడ్డ, నా మాట నాకే వినపడలేదు. మళ్ళీ అడిగింది. "ఎవరిదీ చెయ్యి."

తొడుగు తీసేశాను. వట్టి చెయ్యి పెట్టాను. అరచేతిలో ఆ పాత కాయలన్నీ వేలితో తడిమి చూసింది. "ఆఁ" అంది. అంతే అంది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

నర్సమ్మ వచ్చి చూసి కేకలేసింది. పెద్దాయనా బుద్ధి ఉందా, పక్క మంచాల్లో మనుషులు లేరా అంది. ఆవిడ అన్నది న్యాయమే. బయటికొచ్చి సబ్బుతో కడుక్కున్నాను. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు దాకా, గోడ మీద బొమ్మలో ఎలా ఉందో అలా. ఆ చేత్తో ఇంకెవరినీ ముట్టుకోకుండా ఇంటికొచ్చాను. నేను చేసింది తప్పో కాదో నీ పుస్తకంలో ఉంటుంది. నాకు రాయకు.

సంచులు పశువుల డాక్టరు తీసుకున్నాడు. తీసుకోనన్నాడు, కూర్చున్నాను, తీసుకున్నాడు. దాణా కొట్టువాడి దగ్గరికి వెళ్ళి నీ నాలుగు దొంగ విద్యలూ, ఉంగరం సంగతీ అందరి ముందూ చెప్పాను. "పెళ్ళాం పోయి ముసలాడికి మతి చలించింది, పాపం" అని నా కళ్ళెదుటే ఇంకొకడి బండిలోకి అదే సంచి ఎత్తించాడు. నేను చెప్తే వినరు. నువ్వొచ్చి చెప్పు, మెళ్ళో ఆ డాక్టరు గొట్టం వేసుకుని చెప్పు. విననివాడి గుమ్మంలో నేను కూర్చుంటాను.

పొడి మానేశాను. కోళ్ళు తుమ్ముతున్నాయి. కొన్ని పోయాయి. రోజూ పొద్దున ఏరి తీస్తున్నాను. దాణా చెంచాతో కలుపుతున్నాను, వాటికి ఇప్పటికీ నచ్చడం లేదు.

నువ్వొచ్చేసరికి షెడ్డు సగం ఖాళీగా ఉంటుంది. చూసి అరవకు. ముందు గుమ్మం దగ్గర ఆగు. అక్కడ కుండలో నీళ్ళూ, పక్కన రాయి మీద సబ్బూ పెట్టాను. నేను కడుక్కున్నాకే నీ తల మీద చెయ్యి వేస్తాను.

తాతయ్య